గడ్డం గీసుకున్నాక పుట్టే మంట మంచిదేనా?

గడ్డం గీసుకుని లోషన్ రాయగానే ముఖం చురుక్కుమంటుంది. మంట పుట్టిందంటే మందు పనిచేస్తున్నట్టే అని చాలామంది అనుకుంటారు. ఇది పొరపాటు. మంటను బట్టి క్రిములు చచ్చాయని చెప్పలేం. బ్లేడు చర్మం పైపొరను గీరిందని మాత్రం తెలుస్తుంది. మనం వాడే వస్తువుల్లో ఏముందో, అవి చర్మాన్ని ఏం చేస్తాయో తెలుసుకుందాం.

సబ్బు, క్రీము

షేవింగ్ క్రీములో ముఖ్యంగా ఉండేది స్టియరిక్ ఆమ్లం అనే కొవ్వు పదార్థంతో చేసిన సబ్బు. దాని నురుగు నీటిని పట్టి ఉంచి వెంట్రుకను మెత్తబరుస్తుంది. అయితే మన చర్మానికి కొద్దిగా పులుపు గుణం ఉంటుంది (పి.హెచ్. సుమారు 5). సబ్బు నురుగుకు క్షార గుణం (9 నుండి 10). నురుగు ముఖం మీదే ఆరిపోతే చర్మంలోని నూనె పోయి బిరుసెక్కుతుంది. గ్లిజరిన్ ఉన్న క్రీము కొంత తేమ నిలుపుతుంది. బట్టల సబ్బు వాడవద్దు.

పటిక

బురద నీటిని తేర్చేది, పెడన కలంకారీలో రంగు బట్టకు పట్టేలా చేసేది ఈ పటికే. గాటు దగ్గర ఇది రక్తంలోని మాంసకృత్తులను గడ్డకట్టించి రక్తం ఆపుతుంది. కాని ఒకే ముక్కను పదిమందికి రుద్దడం ప్రమాదం. హెపటైటిస్-బి వైరస్ శరీరం బయట కూడా కనీసం 7 రోజులు బతకగలదు. పటిక దాన్ని చంపుతుందని నమ్మవద్దు.

ఆఫ్టర్ షేవ్ లోషన్

ఇందులోని ఆల్కహాల్ చర్మాన్ని ఎండగడుతుంది. మెంథాల్ చల్లదనం తెలిపే నరాలను తట్టి చల్లగా ఉన్నట్టు అనిపింపజేస్తుంది, అంతే. సువాసన పదార్థాలు కొందరికి పడవు. దురద, ఎరుపు ఒకటి రెండు రోజుల తర్వాత కనిపించడం వల్ల లోషన్ మీద అనుమానమే రాదు.

దురదకు స్టెరాయిడ్ పూతమందు సొంతంగా కొని రాయవద్దు. తామర ఉన్నచోట రాస్తే దురద తగ్గినట్టే ఉండి తామర లోలోపల వ్యాపిస్తుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇటువంటి పలు మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని నిర్ణయించింది.

ఇలా చేయండి

• ముందుగా గోరువెచ్చని నీటితో ముఖం తడిపి 2, 3 నిమిషాలు ఆగండి. వెంట్రుక మొలిచిన దిశలోనే గీయండి.
• సెలూన్‌లో మీ ఎదుటే కొత్త బ్లేడు వేయమనండి. పటిక కావాలంటే ఇంటి నుండి తీసుకువెళ్ళండి. లేదా శుభ్రమైన దూదితో గాటును అదిమి పట్టండి.
• బందరు, గుడివాడ, దివిసీమల్లో ఉక్క ఎక్కువ. పొలానికో, చేపల చెరువు గట్టుకో వెళ్ళేవారు సాయంత్రం గీసుకుంటే చెమట మంట తప్పుతుంది.
• కొత్త లోషన్‌ను ముందు మోచేతి మడతలో వారం రోజులు రాసి చూడండి.

చీము పొక్కులు, వాపు, జ్వరం ఉంటే ఆలస్యం చేయక డాక్టరుకు చూపించండి. షుగరు ఉన్నవారు చిన్న పొక్కునైనా అశ్రద్ధ చేయరాదు.