అమెరికా అంతర్యుద్ధ సైనికుల ఛాయాచిత్రాలు: సేకరణ, గుర్తింపు సమస్య

1.0 ఉపోద్ఘాతం

అమెరికా అంతర్యుద్ధం (1861-1865) నాటికి ఛాయాచిత్రం సామాన్యులకు కూడా అందే ధరకు వచ్చింది. యుద్ధానికి బయలుదేరేముందు కొత్త యూనిఫారంలో చిత్రం తీయించుకొని తల్లికో భార్యకో ఇచ్చి వెళ్ళడం ఉభయపక్షాల సైనికులలోనూ ఆనవాయితీ అయింది. సైనిక శిబిరాల చెంత గుడారాలు వేసుకొని చిత్రాలు తీసినవారూ ఉన్నారు. తరాలు మారి, కుటుంబాల చేతులు దాటిన ఆ చిత్రాలే నేడు సేకర్తల వద్దకు చేరుతున్నాయి. అయితే ముఖం మిగిలినంతగా పేరు మిగలలేదు. పేరులేని ముఖానికి పేరు నిర్ణయించే ప్రమాణాలేవి అన్నదే ఈ సేకరణలో ప్రధాన సమస్య.

2.0 చిత్రమాధ్యమాలు

ఈ చిత్రాలు ప్రధానంగా మూడు రకాలు. ఆంబ్రోటైప్ గాజుపలకపై తీసినది. టిన్‌టైప్ పేరులో తగరం ఉన్నా, నిజానికది నల్లపూత పూసిన పలుచని ఇనుపరేకు; అయస్కాంతానికి అంటుకుంటుంది. ఈ రెండింటికీ నెగటివ్ ఉండదు కనుక ప్రతిచిత్రమూ ఏకైకప్రతి. టిన్‌టైప్‌లో కుడియెడమలు తారుమారవుతాయి. నడికట్టు బిళ్ళపై అక్షరాలు తిరగబడి కనిపించడానికి కారణమిదే. ఇది తెలియక సైనికుణ్ణి ఎడమచేతివాటం వాడిగా భావించే ప్రమాదం ఉంది.

మూడవది కార్ట్ ద విజిట్. నెగటివ్ నుండి కాగితంపై ముద్రించి అట్టకు అతికించిన ఈ చిత్రానికి ఎన్ని ప్రతులైనా తీయవచ్చు. అట్ట వెనుక తరచుగా స్టూడియో పేరు, ఊరు ఉంటాయి. యుద్ధవ్యయం కోసం విధించిన పన్ను వల్ల 1864 సెప్టెంబరు 1 నుండి 1866 ఆగస్టు 1 వరకు అమ్మిన ఛాయాచిత్రాలకు రెవెన్యూ స్టాంపు తప్పనిసరి అయింది. కాలనిర్ణయానికి ఇది గట్టి ఆధారమే, కాని అది అమ్మకపు కాలాన్ని మాత్రమే తెలుపుతుంది. పాత నెగటివ్ నుండి తరువాత తీసిన ప్రతికీ స్టాంపు ఉండవచ్చు.

3.0 పేరు నిర్ణయం

గాజుపలకలనూ రేకులనూ చిన్న పెట్టెలలో భద్రపరిచేవారు. చిత్రం వెనుక దాచిన కాగితపు ముక్క, పెన్సిల్‌తో రాసిన పేరు వంటివి అరుదుగా దొరుకుతాయి. అవి దొరికినా సందేహం తీరదు, ఎందుకంటే ఒక పెట్టెలోని చిత్రాన్ని మరో పెట్టెలోకి మార్చడం సులభం. ఆశ్వాసాంత గద్య లోపించిన తాళపత్రప్రతిని పరిష్కరించేవారికి ఈ చిక్కు కొత్తది కాదు. పైగా ఇక్కడ విపణి ఒత్తిడి కూడా ఉంది. పేరు తెలిసిన సైనికుని చిత్రానికి ఎక్కువ ధర పలకడం వల్ల, ఊహను నిర్ధారణగా చెప్పే ప్రలోభం ఏర్పడుతుంది. 2018లో మొదలైన ‘సివిల్ వార్ ఫోటో స్లూత్’ ముఖాలను కంప్యూటర్ ద్వారా పోల్చి చూపుతుంది. అన్నదమ్ముల పోలికలు దానినీ తప్పుదారి పట్టించగలవు. యూనిఫారం, హోదా చిహ్నం, దళం, స్టూడియో ఉన్న ఊరు పరస్పరం పొసగాలి.

పేరు వెతకడంలో చిత్రమే సాక్ష్యమైన ఉదంతం ఒకటుంది. 1863 జులైలో గెటిస్‌బర్గ్ యుద్ధంలో మరణించిన ఒక సైనికుని వద్ద ముగ్గురు పిల్లల ఆంబ్రోటైప్ దొరికింది. నాటి పత్రికలు ఛాయాచిత్రాన్ని ముద్రించలేవు కనుక పిల్లల దుస్తులను, వయస్సులను మాటలలో వర్ణించాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని పోర్ట్‌విల్ గ్రామంలో ఒక తల్లి ఆ వర్ణన చదివింది. ఆమెకు పంపిన ప్రతి అనుమానాన్ని నిజం చేసింది. మృతుడు ఆమె భర్త ఏమోస్ హ్యూమిస్టన్. చిత్రంలో ఉన్నది పిల్లలు. పేరు దొరికింది తండ్రికి.

4.0 చిత్రం చెప్పనిది

పేర్లు తెలిసినంత మాత్రాన అర్థం స్థిరపడదు. మిసిసిపీకి చెందిన ఆండ్రూ చాండ్లర్, సైలస్ చాండ్లర్‌ల టిన్‌టైప్‌లో తెల్లజాతి యువకుడు, నల్లజాతి యువకుడు ఆయుధాలతో పక్కపక్కన కూర్చుని ఉంటారు. నల్లజాతివారు దక్షిణపక్షాన స్వచ్ఛందంగా పోరాడారనడానికి దీనిని చాలాకాలం రుజువుగా చూపారు. సైలస్ చాండ్లర్ కుటుంబపు బానిస, సైనికుడు కాడు. దక్షిణ సమాఖ్య నల్లజాతివారిని సైన్యంలో చేర్చుకునే చట్టం చేసినదే 1865 మార్చిలో, యుద్ధం ముగింపు దశలో. స్టూడియోలలో ఆయుధాలు అలంకారసామగ్రిగా కూడా ఉండేవి. కనుక చేతిలోని కత్తి హోదాకు సాక్ష్యం కాజాలదు.

ఈ టిన్‌టైప్ నేడు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లోని లిల్యెన్‌క్విస్ట్ కుటుంబ సేకరణలో ఉంది. 2010లో సుమారు 700 చిత్రాల దానంతో మొదలైన ఈ సేకరణలో అనేక చిత్రాల శీర్షికలు ‘గుర్తు తెలియని సైనికుడు’ అనే ప్రారంభమవుతాయి. ఆ తరువాత యూనిఫారం, ఆయుధం వంటి కంటికి కనిపించే వివరాలే ఉంటాయి.