బామ్మ చేతి కాగితపు మామిడాకులు

పిల్లలూ! ఫాల్గుణమాసం వచ్చేసరికి చెట్లన్నీ కొత్త వేషం వేస్తాయి. మోదుగు చెట్టు ఆకులు రాల్చి, నిప్పుల్లాంటి పూలతో నిండిపోతుంది. మామిడి చిగురు తొడుగుతుంది. వేప పూతకు వస్తుంది. ఆ వెనకనే చైత్ర శుద్ధ పాడ్యమి, మన ఉగాది.

మా పక్కింట్లో ఒక బామ్మగారున్నారు. వయసు 80 దాటింది. ఏటా ఉగాదికి మామిడాకుల తోరణం ఆవిడే గుచ్చేవారు. ఒక ఏడు మోకాళ్లు పట్టేశాయి, వేళ్లు వంగటం మానేశాయి. పిల్లలు ప్రేమకొద్దీ, "నువ్వు కూర్చో బామ్మా, అంతా మేం చేస్తాం," అన్నారు. ఆవిడ కూర్చున్నారు. సాయంత్రందాకా గోడవంక చూస్తూ అలాగే కూర్చున్నారు. ఇంటికి పండుగ వచ్చింది గాని, బామ్మగారికి రాలేదు.

మరుసటి ఏడు మనుమడు ఆకుపచ్చ కాగితాలు తెచ్చుకుని, ఆవిడ మంచం పక్కనే కూర్చుని ఆకులు కత్తిరించసాగాడు. బామ్మగారు కాసేపు ఊరుకుని, "ఒరే, అన్నీ పచ్చాకులేనట్రా? లేత చిగురు రాగిరంగులో ఉండదూ? ఇలా తే!" అన్నారు. అంతే! మూడు రోజులు ఆ గదిలో కత్తెర చప్పుడు ఆగలేదు.

బామ్మగారు చెప్పింది నిజమే. లేత మామిడాకులో పచ్చదనాన్నిచ్చే పత్రహరితం ఇంకా తక్కువగా ఉంటుంది. ఆంథోసయనిన్ అనే ఎర్రని రంగుపదార్థం ఎక్కువగా ఉంటుంది. ఆకు ముదిరేకొద్దీ ఎరుపు పోయి పచ్చదనం నిండుతుంది.

గుమ్మానికి ఎలాగూ నిజమైన మామిడాకులే కడతారు. ఈ కాగితపు తోరణం తాతగారో బామ్మగారో కూర్చునే గది గోడకు. ఇది వాడిపోదు, పండుగ దాటినా ఉంటుంది.

ముందు జిగురు

ఒక చెంచా మైదాపిండిని అయిదు చెంచాల చన్నీళ్లలో ఉండలు లేకుండా కలపండి. పెద్దవాళ్ల చేత సన్నని సెగమీద పెట్టించి, కలుపుతూ ఉండమనండి. కొద్దిసేపటికి అది చిక్కబడి మెరుస్తుంది. పిండిలోని గంజి రేణువులు వేడినీటిని పీల్చుకుని, ఉబ్బి పగలటం చేతనే ఆ జిగట వస్తుంది. చల్లారాక వాడండి. నిలవ ఉంచితే పులుస్తుంది గనక ఏ రోజుది ఆ రోజే చేసుకోండి.

తోరణం

మూడడుగుల తోరణానికి 15 ఆకులు కావాలి. 14 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు ఉండేలా కాగితం ముక్కలు కోయండి. 10 ముదురాకుపచ్చవి, 5 రాగిరంగువి అయితే బాగుంటుంది.

ఒక్కొక్క ముక్కను నిలువుగా సగానికి మడవండి. ఆ మడతే ఆకు నడిమి ఈనె. దానికి ఎదురుగా ఉన్న అంచుమీద సగం ఆకు ఆకారాన్ని గీసి, కత్తిరించండి. తొడిమ వైపున మాత్రం 1 సెంటీమీటరు మేర వెడల్పు తగ్గించకుండా పట్టీలాగా వదలండి. ఇప్పుడు ఆకును విప్పకుండానే, ఏటవాలుగా, విసనకర్ర మడతల్లాగా ముందుకూ వెనక్కూ మడవండి. విప్పితే నడిమి ఈనెకు రెండు పక్కలా సమానంగా పిల్లఈనెలు కనిపిస్తాయి!

దారం 120 సెంటీమీటర్లు తీసుకుని, రెండు కొసలా కట్టుకోవటానికి 15 సెంటీమీటర్లు చొప్పున వదలండి. మిగిలిన 90 సెంటీమీటర్లలో ప్రతి 6 సెంటీమీటర్లకూ ఒక ఆకు. తొడిమ పట్టీని దారంమీదుగా వెనక్కు మడిచి అతికించండి.

మడత సరిగా రావటం లేదా? కాగితాన్ని మడత పడకుండా ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా వంచి చూడండి. ఒకవైపు తేలికగా వంగుతుంది. యంత్రంమీద కాగితం తయారయేటప్పుడు అందులోని నారపోగులు ఎక్కువభాగం ఒకే దిక్కుకు తిరుగుతాయి. ఆ పోగుల వెంబడి మడిస్తే మడత నున్నగా వస్తుంది. చింపితే తిన్నగా చిరుగుతుంది.

వేపపువ్వు

కత్తెర పట్టలేని వేళ్లకు ఇది చాలా సులభం. 8 సెంటీమీటర్ల పొడవు, 1 సెంటీమీటరు వెడల్పు గల తెల్లకాగితం పట్టీలు అయిదు మీరు కోసి ఇవ్వండి. ఒక్కొక్క పట్టీని మడత పెట్టకుండా వంచి, రెండు కొసలనూ కలిపి అతికిస్తే రేకు అవుతుంది. అయిదు రేకుల కొసలనూ ఒకచోట చేర్చి, ఒక గుండ్రని అట్టముక్కమీద అంటించి, మధ్యన పసుపుపచ్చని చుక్క పెట్టండి. వేపపువ్వుకు నిజంగానే రేకులు అయిదు. వీటిని తోరణానికి రెండు చివర్లా గుత్తులుగా కట్టండి.

చింపిన కాగితాల మామిడిచెట్టు

చేతులు వణికేవారికి ఇది. పెద్ద అట్టమీద చెట్టు మాను, కొమ్మలు మీరు గీయండి. తాతగారు పాత రంగు కాగితాలను వేళ్లతో చిన్నచిన్న ముక్కలుగా చింపి అతికిస్తారు. అంచులు వంకరగా ఉంటేనే ఆకుల గుబురు సహజంగా కనిపిస్తుంది. కొమ్మమీద ఒక కోయిలను కూచోబెట్టండి. నల్లని ఒళ్లు, ఎర్రని కన్ను ఉంటే మగకోయిల; గోధుమరంగు ఒంటిమీద తెల్లని చుక్కలుంటే ఆడకోయిల.

మరిచిపోకూడనివి

వయసు పైబడినకొద్దీ కంటిలోని కటకం పసుపు దేరుతుంది. కంటిపాప కూడా చిన్నదవుతుంది. అందుచేత లోపలికి వెలుగు తక్కువగా పోతుంది. ముదురు నీలం వారికి నలుపులాగానే తోచవచ్చు. తెల్లగోడకు ఎరుపు, ముదురాకుపచ్చ వంటి కొట్టవచ్చినట్టు కనిపించే రంగులు వాడండి. తెల్లని వేపపువ్వుల వెనక ఆకుపచ్చ కాగితం అంటించండి. కిటికీ వెలుతురు పనిమీద పడేలా పక్కనుంచి రానివ్వండి.

కీళ్లనొప్పులవారికి తెల్లవారగానే వేళ్లు బిగుసుకుని ఉంటాయి. కాస్త పొద్దెక్కాక మొదలుపెట్టండి, అలసిపోకముందే ఆపండి. తోరణం కట్టటానికి తాతగారినిగాని బామ్మగారినిగాని ఎత్తుపీట ఎక్కనివ్వకండి. ఆ పని ఇంట్లో నాన్నగారిదో అమ్మదో.

అన్నిటికన్న ముఖ్యమైనది ఒకటున్నది. వారు ఒక ఆకు కత్తిరించేలోగా మీరు నాలుగు కత్తిరించగలరు. అయినా వారి చేతిలోది లాక్కోకండి. "అలా కాదు, ఇలా," అనకండి. ఆకు కాస్త వంకర పోతే పోనీయండి.

పక్కింటి బామ్మగారి తోరణంలో ఏడో ఆకు వంకరగా ఉంటుంది. ఇంటికెవరు వచ్చినా మనుమడు ముందు దాన్నే చూపిస్తాడు. బామ్మగారు మాత్రం, "అది వీడు చేశాడులే!" అని నవ్వుతారు.