విద్యాసంస్థల జమాఖర్చులు

విద్యాదానము మిక్కిలి గొప్పదని మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. అయితే దానము గైకొనిన సంస్థ ఆ ధనమును ఏమి చేసినదని అడుగుట మర్యాద కాదని తలచువారు మనలో పెక్కురు కలరు. బిడ్డ చదువునకు ఫీజు చెల్లించు తండ్రియు, బడికి ఒక గది కట్టించుటకు చందా యిచ్చు గృహస్థుడును రశీదు పుచ్చుకొని ఊరకుందురు. ఆ రశీదు వెనుకనున్న లెక్క యెట్టిదో, దానిని ఎట్లు చదువవలెనో తెలిసికొనుట మనకందరకును అవసరము.

మన దేశమున ప్రయివేటు పాఠశాలలు, కళాశాలలు చాలవరకు మూడు రూపములలో నడచుచున్నవి. కొన్ని సొసైటీలు, కొన్ని ట్రస్టులు, మరికొన్ని లాభాపేక్ష లేని కంపెనీలు. ఈ మూడింటికిని మూలసూత్రము ఒక్కటే: మిగిలిన సొమ్మును నిర్వాహకులు పంచుకొనరాదు. 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషను చట్టము ఇంకొక అడుగు ముందునకు వేసినది. సంస్థ మూతపడినను, అప్పులు తీరగా మిగిలిన ఆస్తి సభ్యులకు చెందరాదనియు, మరియొక సంస్థకే చేరవలెననియు అది విధించినది.

లాభాపేక్ష లేదనగా మిగులే ఉండరాదని కొందరు భ్రమపడుదురు. అది సరికాదు. ఏటికేడు వచ్చినదంతయు వ్యయము చేసిన పాఠశాల వచ్చే యేడు ప్రయోగశాల కట్టజాలదు. పిల్లల సంఖ్య తగ్గిన సంవత్సరమున ఉపాధ్యాయులకు జీతములీయజాలదు. ఈ విషయమును సుప్రీంకోర్టు పలుమారులు విచారించినది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో విద్య వర్తకము కారాదని చెప్పినది. ఆ కేసున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే ప్రతివాది. 2002లో టి.ఎం.ఏ. పాయ్ ఫౌండేషను కేసులో పదునొకండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, సంస్థాభివృద్ధికై సముచితమైన మిగులు ఉండవచ్చుననియు, లాభార్జనయు కాపిటేషను ఫీజును కూడదనియు నిర్ణయించినది. 2022 అక్టోబరులో న్యూ నోబుల్ ఎడ్యుకేషనల్ సొసైటీ కేసున మరింత స్పష్టత వచ్చినది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పుపై వచ్చిన ఆ అప్పీళ్లలో, విద్యాసంస్థగా పన్ను మినహాయింపు కోరు సంస్థకు విద్యయే ఏకైక లక్ష్యమై యుండవలెననియు, విద్యకు అనుబంధముగా వ్యాపారమేదైన సాగినచో దానికి వేరు లెక్కలుండవలెననియు కోర్టు పేర్కొన్నది.

ఇక ఆదాయ మార్గములు. ప్రభుత్వ సహాయము లేని సంస్థలకు ఫీజులే ప్రధానాధారము. తరువాత విరాళములు, నిధులపై వడ్డీ. 2013 నాటి కంపెనీల చట్టము ననుసరించి, నిర్ణీత స్థాయికి మించిన కంపెనీలు గడచిన మూడేండ్ల సగటు నికరలాభములో 2 శాతమును సమాజహిత కార్యములకు వెచ్చించవలెను. విద్య వానిలో నొకటి. విదేశీ విరాళములకు కట్టుబాటు ఇంకను గట్టిది. 2020 సవరణ ప్రకారము ఆ సొమ్ము మొదట ఢిల్లీలోని స్టేటు బ్యాంకు ప్రధానశాఖలో జమ కావలెను. పరిపాలన వ్యయము అంతకుముందున్న 50 శాతము నుండి 20 శాతమునకు తగ్గింపబడినది. పన్ను మినహాయింపు పొందు సంస్థ సాధారణముగా తన ఆదాయములో 85 శాతమును ఆశయములకే వినియోగించవలెను.

ఇన్ని నిబంధనలున్నను లెక్క చదువుట తెలియనిచో ప్రయోజనము లేదు. ఊహకొక పాఠశాలను తీసికొందము. దాని వార్షికాదాయము కోటి రూపాయలు. జీతములకు 50 లక్షలు, ఇతర నిర్వహణకు 20 లక్షలు, భవనపు అద్దెకు 30 లక్షలు వ్యయమైనవి. మిగులు సున్న. పైకి చూచిన ఇది నిస్వార్థసేవ వలెనే కనిపించును. కాని ఆ భవనము కార్యదర్శి బంధువునిదై, ఆ యూరిలో అట్టి భవనమునకు అద్దె 10 లక్షలే అయినచో, 20 లక్షలు లాభమను పేరు లేకుండగనే బయటికి పోయినవన్నమాట. ఇంకొక పాఠశాల 10 లక్షలు మిగిల్చి, దానిని గ్రంథాలయ నిధికి జమకట్టినది. మొదటిదానికి మిగులు లేదు, రెండవదానికి కలదు. ఐనను ఆశయమునకు కట్టుబడినది రెండవదే. కావున మిగులు ఎంత అనుటకన్న, వ్యయము ఎవరికి చేరినది అనునదే ముఖ్యమైన ప్రశ్న. నిర్వాహకులకును వారి బంధువులకును అనుచిత ప్రయోజనము కలిగించిన సంస్థకు పన్ను మినహాయింపు పోవుటకు కారణమిదియే.

కావున జమాఖర్చుల పత్రము చేతికి వచ్చినపుడు నాలుగు సంగతులు చూడవలెను. మొదటిది, ఫీజుల ఆదాయములో జీతములకెంత పోయినది. రెండవది, అద్దెలు, కాంట్రాక్టులు, అప్పులు నిర్వాహకుల వారితో ముడిపడి యున్నవా. మూడవది, ప్రత్యేక కార్యమునకు వచ్చిన విరాళము వేరుగా చూపబడినదా, లేక సాధారణ ఖర్చులలో కలిసిపోయినదా. నాలుగవది, ఆడిటరు తన నివేదికలో ఏదైన అభ్యంతరము వ్రాసినాడా. పరిపాలన వ్యయము తక్కువగానున్నంత మాత్రమున మెచ్చుకొనరాదు. లెక్కలు వ్రాయు గుమస్తాకు జీతమీయని సంస్థ లెక్కలు సరిగా ఉండుట అరుదు.

ఈ పత్రములు చూచుట అసాధ్యము కాదు. లాభాపేక్ష లేని కంపెనీల వార్షిక లెక్కలను కంపెనీల రిజిస్ట్రారు వద్ద రుసుము చెల్లించి పొందవచ్చును. రిజిస్ట్రారు వద్ద దాఖలైన పత్రములను ఒక రూపాయి చెల్లించి ఎవరైనను చూడవచ్చునని 1860 నాటి చట్టమే చెప్పినది. అనగా చూచు హక్కు క్రొత్తది కాదు. అడుగు అలవాటే మనకు క్రొత్తది.

1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాల వెలసినపుడు దానికి అండయైనది ప్రజల నమ్మకమే. అట్టి నమ్మకము ఒకసారి చెడినచో తిరిగి కూడగట్టుట కష్టము. నిజాయితీగల సంస్థకును చందా పుట్టదు. కావున లెక్క అడుగుట అనుమానించుట కాదు. లెక్క చూపుట అవమానము కాదు. అడిగినవాడు మంచి పాఠశాలకు మేలే చేయుచున్నాడు. ఏలయన, చక్కగా నడచు సంస్థకును, చక్కగా నటించు సంస్థకును గల భేదము బయటపడునది ఆ లెక్కలలోనే.