ఏడుపాయల దారిలో మెదకు చర్చి

ఆదివారమునాడు మాదాపూరు, గచ్చిబౌలి, కొండాపూరు ప్రాంతముల ఐటీ కంపెనీల అద్దపు మేడలు నిర్మానుష్యములై యుండగా, వానిలో పనిచేయు యువజనులలో అనేకులు తెల్లవారకమునుపే బయలుదేరి, మియాపూరు, బాచుపల్లి, గండిమైసమ్మల మీదుగా నర్సాపూరు అడవిదారి పట్టుదురు. ఆ దారి మెదకునకు పోవును. మంజీర ఏడు పాయలుగా చీలి ప్రవహించుచోట వెలసిన వనదుర్గను దర్శించుకొని, మెదకు చర్చిని చూచి, రాత్రికి ఇల్లు చేరవచ్చునన్నది వారి లెక్క. ఇది నగరవాసులు కొత్తగా కనిపెట్టినది కాదు. పల్లెలనుండి అమ్మవారికి మ్రొక్కు చెల్లింపవచ్చువారును చర్చిలో ఒక క్షణము చేతులు జోడించియే మరలుదురు. చెప్పులు విడిచి లోపలికి రమ్మని ఇంగ్లండు చర్చిలలో ఎవ్వరును అడుగరు. ఇచ్చట అడుగవలసిన పనియే లేదు.

ఈ మందిరమును కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్ వెస్లియన్ మెథడిస్టు మిషనరీ. 1895లో సికింద్రాబాదునకు వచ్చి, దండులోని ఆంగ్ల సైనికులకు ప్రసంగములు చేయుటతో తృప్తినొందక, 1897లో మెదకు చేరెను. 1914లో నిర్మాణము ప్రారంభమైనది. అది మొదటి ప్రపంచయుద్ధము మొదలైన సంవత్సరము. తరువాతి యేండ్లలో కరవును తోడైనది. ఆకలిగొన్నవారికి ఊరక గంజి పోయుటకంటె, పని చూపి తిండి పెట్టుట మేలని తలచి, పాస్నెట్ వందలకొలది కూలీలను ఈ పనిలో నియోగించెను. రాయి మోసి, సున్నము కలిపి కడుపు నింపుకొన్న ఆ జనములో అధికభాగము ఊరికి వెలుపల ఉంచబడిన వాడలవారు; ఊరి గుడి గడప తొక్కనీయబడనివారు. తాము మోసిన రాతితో లేచిన ఈ కట్టడములో మొదటి వరుసను కూర్చుండగల హక్కు వారికి లభించినది. మందిరము గొప్పతనమును గోపురపు ఎత్తుతో కొలుచువారు ఈ సంగతిని మరతురు. 1924 డిసెంబరు 25వ తేదీన దీనిని ప్రతిష్ఠించిరి.

గోపురము ఎత్తు 175 అడుగులు. చార్మినారును మించిన కట్టడము తన రాజ్యమున తగదని నిజాము ఆక్షేపించెనని ఒక కథ కలదు. ఇట్టి కథలకు సాక్ష్యమడుగుట అరసికత, నమ్ముట అమాయకత.

మందిరము పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. 5,000 మంది పట్టుదురందురు. మన దేవాలయ మండపములలో స్తంభముపై రాతిదూలము నిలుపుదురు. నిడివి హెచ్చినకొలది దూలము తన బరువునకే విరుగును గనుక స్తంభములను దగ్గరదగ్గరగా నాటక తప్పదు. ఈ మందిరము అనుసరించిన గోతిక్ పద్ధతిలోనైతే కొనదేలిన కమాను పైబరువును ఇరుపక్కలకు పంచి, స్తంభములద్వారా నేలకు దింపును; కావున నడుమ విశాలమైన ఖాళీ లభించును, గోడలలో పెద్ద కిటికీలు తెరచుటకును వీలగును.

ఆ కిటికీలే ఈ మందిరమునకు ప్రాణము. క్రీస్తు జననము, సిలువ మరణము, ఆరోహణము అను మూడు ఘట్టములను లండను చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించెను. రాజకుటుంబీకుల చిత్తరువులు వ్రాసి పేరొందిన వాడాయన. రంగుగాజును ముక్కలుగా కోసి, ముఖములు, వస్త్రముల మడతలు వంటి వివరములను గాజుపైనే వ్రాసి, కొలిమిలో కాల్చి, సీసపు పట్టీలతో అతుకుదురు. సమీపమునకు పోయి చూచినచో నల్లని సీసపు గీతల నడుమ ముక్కముక్కలే కనబడును. పది అడుగులు వెనుకకు నడచినచో రూపము కుదురును. వెలుగు బయటి సూర్యునిదే. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట లోపల ఎన్ని దీపములు పెట్టినను ఆ బొమ్మలు నల్లబడియే యుండును. సాయంకాలము ఆలస్యముగా చేరి, ఏమున్నదిక్కడ అని పెదవి విరుచు పట్టణవాసులకు ఈ రహస్యము ముందుగా తెలియుట మంచిది.

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడగా ఈ మందిరము దానిలో చేరి, మెదకు అధ్యక్ష మండలమునకు పీఠమైనది. మెదకు చర్చి రూపము పాశ్చాత్యము కాగా, డోర్నకల్లులో బిషప్పు అజరయ్య కట్టించి 1939లో ప్రతిష్ఠించిన మందిరము గుడి, మసీదు రీతులను కలుపుకొన్నది. స్వదేశీయత దృష్ట్యా నాకు అదియే హెచ్చు. కాని మెదకులో పరాయిది రాతిలోనే యున్నది, సంఘములో లేదు. తెలుగు కీర్తనలు, బాప్తిస్మములు, పెండ్లిండ్లు, కోతపండుగకు రైతులు తెచ్చు తొలిపంట, ఇవి యన్నియు పర్యాటకులు లేని దినములలోను యథావిధిగా సాగుచుండును.

కాబట్టి ఆదివారము పోవువారు ఉదయపు ఆరాధన ముగియువరకు ఏడుపాయలలో గడిపి, మధ్యాహ్నము చర్చికి రావలెను. వానకాలమున మాత్రము బయలుదేరుటకు మునుపే ఎగువనున్న సింగూరు ఆనకట్ట గేట్ల సంగతి విచారించుకొనుట మేలు: వరద విడిచినపుడు మంజీర వనదుర్గ గర్భగుడిని ముంచెత్తును, పూజలు రాజగోపురమున జరుగును.