మనం పంపే ఈ-మెయిల్ ఎక్కడ చేరుతున్నది?

కామర్సు, కంప్యూటరు చదువుతున్న మన పిల్లలు చాలామంది సెలవుల్లో ఇంటి వ్యాపారానికి చేదోడుగా ఉంటున్నారు. 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన కోవిల్‌పట్టి కడలై మిఠాయి గాని, మన కడంబూరు పోళి గాని, శ్రీవిల్లిపుత్తూరు పాల్కోవా గాని ఇప్పుడు పార్సిలులో దూరపు ఊళ్లకు పోతున్నవి. దీపావళికి నెల ముందు పాత కస్టమర్లకు ఈ-మెయిల్ పంపితే ఖర్చు తక్కువ. అయితే పంపినదంతా చేరిందనుకోరాదు. ఉత్తరం స్పామ్‌లో పడితే పండుగ ఆర్డరు పోయినట్టే. చేసిన సరుకు ఇంట్లోనే నిలిచిపోతుంది.

స్పామ్ వేరు, ప్రమోషన్స్ వేరు. 2013 నుండి జీమెయిల్ ఉత్తరాలను ప్రైమరీ, సోషల్, ప్రమోషన్స్ అని అరలుగా విడదీస్తున్నది. ప్రమోషన్స్ అంగడి వీధి వంటిది. కొనదలచినవారు అక్కడికీ వెళ్లి చూస్తారు. స్పామ్ చెత్తబుట్ట, జీమెయిల్‌లో 30 రోజులకు దానంతట అదే ఖాళీ అవుతుంది. (కాలేజీ నుండో, ఇంటర్వ్యూకో పిలుపు కోసం ఎదురుచూసే విద్యార్థులు కూడా ఆ బుట్టను వారానికొకసారి చూడండి.)

బ్యాంకు కౌంటరులో చెక్కు వస్తే, ఖాతాలో ఎంత డబ్బున్నా, నమూనా సంతకంతో పోలకపోతే తిరిగిపోవలసిందే. ఈ-మెయిల్‌కూ అదే లెక్క. మన డొమైన్ పేరుతో పంపడానికి ఏ సర్వర్లకు అధికారం ఉన్నదో తెలిపే పట్టీ ఎస్‌పీఎఫ్. ఉత్తరం దారిలో మారలేదని చూపే ముద్ర డీకేఐఎమ్. పరీక్షలో నిలవని ఉత్తరాన్ని ఏమి చేయాలో చెప్పే ఆదేశం డీమార్క్. 2024 ఫిబ్రవరి నుండి జీమెయిల్, యాహూ పెద్ద ఎత్తున పంపేవారికి ఈ మూడింటినీ తప్పనిసరి చేసినవి. జీమెయిల్ లెక్కలో రోజుకు 5,000 ఉత్తరాలు పంపేవారు ఆ కోవలోకి వస్తారు. చిన్నవారికి మొదటి రెండింటిలో ఒకటి చాలు. కాని మూడూ పెట్టుకోవడమే మేలు, ఒక పూట పని. జీమెయిల్ చిరునామా పెట్టి వేరే కంపెనీ సర్వరు ద్వారా వందలకొద్దీ పంపడం మాత్రం వద్దు. అది పరాయివారి చెక్కు మీద మన సంతకం.

సంతకం సరిపోయినంత మాత్రాన పని కాదు. అందుకున్నవారు ఏమి చేస్తున్నారన్నదే పెద్ద సంగతి. ఇన్‌బాక్స్‌కు చేరిన 1,000 ఉత్తరాలకు ముగ్గురు 'స్పామ్' మీట నొక్కితే 0.3 శాతం. అంతవరకు రానీయవద్దని, 0.1 శాతం లోపలే ఉంచుకోమని గూగుల్ చెబుతున్నది. డబ్బిచ్చి కొన్న చిరునామాల పట్టీతో ఈ గీత ఒక్క పూటలో దాటిపోవచ్చు. సంఘం డైరెక్టరీలోని చిరునామాలన్నిటికీ పంపడమూ అంతే. బంధువు ముఖం మీద వద్దనడు. మౌనంగా మీట నొక్కుతాడు. ఆ చెడ్డపేరు డొమైన్‌కు అంటుకుంటుంది. తరువాత డబ్బు కట్టినవారికి పంపే రసీదు కూడా స్పామ్‌లోకి పోవచ్చు.

కొందరు 'ఇక వద్దు' అనే లింకును చీమ తలంత అక్షరాల్లో దాచిపెడతారు. ఇది తెలివి అనుకుంటారు గాని, బయటికి దారి కనబడనివాడు స్పామ్ మీటనే వెతుక్కుంటాడు. ఒక్క నొక్కుతో మానుకునే వీలు ఉండాలి, రెండు రోజుల్లో పేరు తీసేయాలి. ఏడాదిగా ఉలుకూ పలుకూ లేనివారిని ఒకసారి అడిగి, జవాబు లేకుంటే పట్టీనుండి తొలగించండి. ఎంతమంది తెరిచారన్న లెక్కను నమ్ముకోవద్దు. 2021లో ఆపిల్ తెచ్చిన ఏర్పాటు వల్ల చదవని ఉత్తరం కూడా తెరిచినట్టు కనిపిస్తుంది. జవాబులు, ఆర్డర్లు చూడండి.

ఇక ప్రైమరీ సంగతి. మొదటి ఉత్తరానికే శీర్షికలో 'రీ:' అని పెట్టి, పాత సంభాషణ వలె మభ్యపెట్టడం మోసమే. ఆర్డరు తీసుకునేటప్పుడే మన చిరునామాను కాంటాక్టుల్లో చేర్చుకోమని, ఉత్తరం ప్రమోషన్స్‌లో పడితే ప్రైమరీకి లాగమని కస్టమరును అడగండి. "పోయిన దీపావళికి 2 కిలోలు తీసుకున్నారు, ఈసారి ఎంత పంపమంటారు?" అని అడిగే ఉత్తరానికి జవాబు వస్తుంది. ధరల పట్టీ అంతా ఒకే బొమ్మగా పెట్టవద్దు. బొమ్మలు చూపని ఫోనులో ఖాళీ కాగితమే మిగులుతుంది.

అందరికీ పంపేముందు ఇంట్లోవారి జీమెయిల్, యాహూ ఖాతాలకు ఒకటి పంపి చూడండి. కంప్యూటరులో జీమెయిల్ తెరిచి, ఆ ఉత్తరం పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, 'షో ఒరిజినల్' అన్నది ఎంచుకుంటే ఎస్‌పీఎఫ్, డీకేఐఎమ్, డీమార్క్ మూడింటి ఫలితం కనిపిస్తుంది. మూడింటికీ 'పాస్' అని ఉంటే మిగతావారికి పంపవచ్చు.