వింటితో చేపలవేట

మన చెరువులలో బంగారుతీగ చేప లాభమిచ్చు పంట. అమెరికా సంయుక్త రాష్ట్రముల సరస్సులలో అదియే పీడ. 1877లో అచ్చటి ప్రభుత్వ మత్స్యశాఖవారే దానిని జర్మనీనుండి తెప్పించి, ఆహారమునకై పలుతావుల పంచిపెట్టిరి. మేతకై అది అడుగుబురదను పెల్లగించి నీటిని కలచివేయును. నీటిమొక్కలు వ్రేళ్లూడి నశించును. వానిపై బ్రదుకు చేపలకును అడవిబాతులకును మేత కరవగును.

దానిని తగ్గించుటకు పలువురచ్చట విల్లు పట్టుచున్నారు. బాణమునకు గట్టిత్రాడు కట్టి, మొనకు కొక్కెములు అమర్చెదరు. తగిలిన చేపను త్రాటితో లాగుకొందురు. నీటిలో వెలుతురు వంగుటచే చేప ఉన్నచోటికంటె మీదుగా కనబడును. కావున క్రిందుగా గురిపెట్టవలెను. వసంతమున గ్రుడ్లు పెట్టుటకు ఒడ్డుచేరినప్పుడు వేట సులభము.

అయినను బాణమునకు చిక్కునది ఒక్క చేప. పెద్ద ఆడచేప పెట్టునవి లక్షలకొలది గ్రుడ్లు. కాన ఈ వేట వలలకు తోడేగాని బదులుకాదు.

సోదర రైతులారా! చొచ్చినదానిని వెడలగొట్టుటకంటె చొరనీయకుండుటయే సులభము. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకమును మన ప్రభుత్వము 2000లో నిషేధించినది; చౌకయని దాని పిల్లలను కొనకుడు. చేపలచెరువునకు నీరు వచ్చు కాలువకును పోవు తూమునకును సన్నకన్నుల వల బిగింపుడు. ఎరుగని చేపపిల్లను సంఘపు చెరువున విడువకుడు.