మొదటి చీటీలోనే ఉంది ఆధారం: పనిలో గాయపడిన కూలీకి ఊరి డాక్టరు ఏం చేయగలరు?

బస్తర్ నుంచి ఎందరో యువకులు బోరు బండ్ల మీద పనికి దక్షిణాది రాష్ట్రాలకు వెళ్తుంటారు. వారిలో ఒకరిని ఊహించుకుందాం. వయసు 30 ఏళ్లు, నెలకు 12,000 రూపాయల జీతం. బోరు వేస్తుండగా ఇనుప రాడ్ జారి కుడి మణికట్టు మీద పడింది. బండివాళ్లు కట్టు కట్టించి, చార్జీలు చేతిలో పెట్టి బస్సెక్కించారు. ఊరు చేరాక ముందు నాటువైద్యం చేసే గునియా దగ్గరికి వెళ్లాడు. వాపు తగ్గకపోవడంతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చాడు. డాక్టరు ఓపీ చీటీ మీద 'కుడి చేతి నొప్పి, వాపు' అని రాసి మందులిచ్చారు.

చికిత్స మొదలుపెట్టడానికి ఆ మాటలు చాలు. నష్టపరిహారం అడగడానికి మాత్రం చాలవు.

చీటీ ఎందుకంత ముఖ్యం?

మన దేశంలో పని ప్రమాదాల పరిహారానికి పునాది 1923 నాటి చట్టం. అప్పట్లో దాని పేరు కార్మికుల నష్టపరిహార చట్టం. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లోని ఏడో అధ్యాయం ఈ విషయానికి సంబంధించినదే. బోరుబావి తవ్వకం 1923 చట్టం జాబితాలో ఉన్న పని. పరిహారం రావాలంటే ముఖ్యంగా రెండు విషయాలు తేలాలి. గాయం పని వల్ల, పనిలో ఉండగా అయిందా? దానివల్ల సంపాదించే శక్తి ఎంత తగ్గింది? రెండిటికీ జవాబు వైద్యుడి కాగితాల్లోనే వెతుకుతారు.

మొదటి చీటీ రాసే నాటికి ఎవరికీ కేసు ఆలోచన ఉండదు. అందుకే ఆ రాతకు విలువ ఎక్కువ. ఆరు నెలల తర్వాత 'పనిలోనే తగిలింది' అని కొత్తగా రాయిస్తే, యజమాని తరఫు వకీలు మొదట అడిగేది పాత చీటీలో ఆ మాట ఎందుకు లేదనే.

డాక్టరు ప్రమాదాన్ని కళ్లారా చూడలేదు కదా అనిపించవచ్చు. చూసినట్టు రాయనక్కర్లేదు. 'రోగి చెప్పిన ప్రకారం' అంటూ తేదీ, చోటు, చేస్తున్న పని, దెబ్బ తగిలిన తీరు రాస్తే చాలు. తాను పరీక్షించి చూసినదాన్ని విడిగా రాయాలి. ఏ చెయ్యి, ఏ చేతివాటం, ఎక్స్-రేలో ఏముంది, మణికట్టు ఎంతవరకు వంగుతోంది అన్నవి అందులో ఉండాలి. బస్తర్‌లో దీనికి మరో చిక్కుంది. రోగి గోండీలోనో హల్బీలోనో చెబుతాడు, చీటీ హిందీలోనో ఇంగ్లీషులోనో పడుతుంది. రెండు భాషలూ తెలిసిన మితానిన్ దీదీ, అంటే అక్కడి ఆశా కార్యకర్త, పక్కన ఉంటే సగం సమస్య తీరుతుంది.

శాతం ఎలా తేలుతుంది?

కొన్ని గాయాలకు చట్టమే శాతాలు నిర్ణయించింది. ఉదాహరణకు బొటనవేలు పోతే సంపాదన శక్తిలో 30 శాతం నష్టం. అయితే సరిగా అతుక్కోని మణికట్టు లాంటివి ఆ జాబితాలో లేవు. అలాంటప్పుడు రిజిస్టరైన వైద్యుడు, జాబితాలోని శాతాలను దృష్టిలో పెట్టుకుని, నష్టాన్ని అంచనా వేయాలి. గునియా గానీ, పట్టా లేని వైద్యుడు గానీ ఇచ్చే కాగితం ఇక్కడ చెల్లదు.

ఆ అంచనా విలువెంతో లెక్క చూడండి. 1923 చట్టం ప్రకారం, పూర్తిగా పనికి దూరమైతే నెల జీతంలో 60 శాతాన్ని వయసును బట్టి ఇచ్చిన గుణకంతో హెచ్చించాలి. 30 ఏళ్లకు ఆ గుణకం 207.98. మన యువకుడి విషయంలో 7,200ను దానితో హెచ్చిస్తే రూ. 14,97,456 వస్తుంది. నష్టం 20 శాతమని రాస్తే దాదాపు 3 లక్షలు, 40 శాతమని రాస్తే దాదాపు 6 లక్షలు.

శరీరానికి జరిగిన నష్టం, సంపాదనకు జరిగిన నష్టం ఒకటి కావు. బస్తర్ పక్కనే ఉన్న ఒడిశాలోని జయపురంలో 1968లో ఒక వడ్రంగి సినిమా హాలులో పని చేస్తూ కిందపడి ఎడమ చెయ్యి పోగొట్టుకున్నాడు. జాబితా ప్రకారం పరిహారం తక్కువే రావాలని యజమాని వాదించాడు. ఒంటి చేత్తో వడ్రంగం సాగదు కాబట్టి నష్టం నూటికి నూరు శాతమన్న కమిషనర్ నిర్ణయాన్ని 1975లో సుప్రీంకోర్టు సమర్థించింది. అందుకే 'ఏం పని చేస్తావు?' అని అడగని డాక్టరు వేసే అంచనా అసంపూర్ణమే.

దుమ్ము చేసే గాయం

ఈ ప్రశ్న కొత్తది కాదు. రోగి వృత్తిని తప్పక అడగాలని ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జిని 1700లోనే వైద్యులకు చెప్పాడు. బైలడిల్లా ఇనుప గనులున్న ప్రాంతంలో అది మరీ అవసరం. రాతి దుమ్ములోని సిలికా వల్ల వచ్చే సిలికోసిస్ చాలా ఏళ్ల తర్వాత బయటపడుతుంది. దగ్గు, ఆయాసం, ఎక్స్-రేలో మచ్చలు చూసి క్షయ అనుకునే ప్రమాదం ఉంది. పైగా సిలికోసిస్ ఉన్నవారికి క్షయ సోకే అవకాశమూ ఎక్కువే. గని కార్మికుడికి ఈ జబ్బు ఉందని అనుమానం వచ్చినా చూసిన వైద్యుడు గనుల ప్రధాన తనిఖీ అధికారికి తెలియజేయాలని 1952 గనుల చట్టం చెప్పింది.

కార్మికుడు గుర్తుంచుకోవాల్సినవి

దూర రాష్ట్రంలో ప్రమాదం జరిగినా, సొంత జిల్లా కమిషనర్ దగ్గరే దరఖాస్తు పెట్టుకునే వీలు 1923 చట్టంలో ఉంది. అందుకు మామూలు గడువు రెండేళ్లు. యజమాని తన ఖర్చుతో వైద్య పరీక్ష చేయిస్తానంటే కారణం లేకుండా నిరాకరించకూడదు. నిరాకరిస్తే హక్కు తాత్కాలికంగా నిలిచిపోతుంది. ఈఎస్ఐ పరిధిలోని సంస్థల్లో దారి వేరు, అక్కడ శాతాన్ని మెడికల్ బోర్డు తేలుస్తుంది.

ఓపీ చీటీ, ఎక్స్-రే, మందుల బిల్లులు పారేయకండి. ఊళ్లో ఎవరైనా పనిలో దెబ్బ తగిలి తిరిగొస్తే, ముందు పట్టా ఉన్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. డాక్టరు అడగకపోయినా దెబ్బ ఎక్కడ, ఏ పనిలో తగిలిందో చెప్పి, ఆ మాట చీటీలో రాయమని కోరండి.